ఒక్క డెస్కు తప్పు, ఆఫీసు ఫోన్లన్నీ మూగ

బ్యాంకులు ఖాతాదారులకు చేసే సర్వీసు కాల్స్ 2026 జనవరి 1 నాటికి 1600తో మొదలయ్యే సిరీస్ నంబర్లకు మారాలని టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ గడువు పెట్టింది. ఆ వెనకే మిగతా ఆర్థిక సంస్థల గడువులు వరుసకట్టాయి. దాంతో ఆఫీసు నంబర్ల గొడవ మళ్లీ రాజుకుంది. ఇందులో ఎక్కువ నలిగేది బ్యాంకులు కావు. రిపోర్టు సిద్ధమైందని చెప్పే ల్యాబు, పార్శిల్ తెచ్చామని పిలిచే కొరియర్ ఆఫీసు, ఫీజు గడువు గుర్తుచేసే కాలేజీ నలుగుతాయి. వీటికి తప్పనిసరి 1600 లేదు. ఇవి మామూలు నంబర్ల మీదే, ఆఫీసు కాల్స్‌ను ఇంటర్నెట్ పద్ధతిలో మోసే సిప్ ట్రంకు మీదే బతుకుతాయి. ఒకరోజు పొద్దున ఔట్‌గోయింగ్ ఆగిపోతే, ఎవరో ఒక్కరు చేసిన అమ్మకాల కాల్స్‌కు ఆఫీసు మొత్తాన్ని ఎందుకు మూసేశారన్నదే వీళ్ల ప్రశ్న.

ఈ ప్రశ్నకు జవాబు 2024 ఆగస్టు 13న ట్రాయ్ ఇచ్చిన ఆదేశంలో ఉంది.

నమోదు చేసుకోకుండా ప్రచార కాల్స్ చేసే సంస్థలను ఆపాలని టెలికం ఆపరేటర్లను ట్రాయ్ ఆ రోజు ఆదేశించింది. సిప్ లైన్లు, వాటికి ముందు కాలపు ఆఫీసు తీగలైన పీఆర్‌ఐ లైన్ల పేర్లు అందులో నేరుగా ఉన్నాయి. దుర్వినియోగం తేలితే ఆ కస్టమర్ పేరిట ఉన్న టెలికం వనరులన్నీ తీసేయాలి, రెండేళ్ల దాకా బ్లాక్‌లిస్టులో పెట్టాలి. ఆ సంగతి 24 గంటల్లో మిగతా ఆపరేటర్లకు చెప్పాలి, ఆ తర్వాతి 24 గంటల్లో వాళ్లూ తమ లైన్లు తీసేయాలి. అంటే దెబ్బ ఒక్క నంబరుతో ఆగదు. కస్టమర్‌కే తగులుతుంది. ఇప్పటి గొడవంతా ఈ ఒక్క సంగతిలోనే ఉంది.

ఫోన్ వ్యవస్థలు నడిపేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. ఒక ఆపరేటరు లింకు పడిపోతే రెండో ఆపరేటరు ట్రంకు అందుకునేలా రూటు రాసి ఉంచడం మంచి ఇంజినీర్లు ఎప్పుడూ చేసే పని. ఫైబర్ తెగినప్పుడు ఆ జాగ్రత్త ఇప్పటికీ కాపాడుతుంది. బ్లాక్‌లిస్టు పడితే మాత్రం రెండు రోజుల్లో రెండో ట్రంకూ పోతుంది. డబ్బు పెట్టి కట్టుకున్న రెండో దారి ఈ ప్రమాదానికి అక్కరకు రాదు.

నియంత్రణ నంబరు మీదికి ఎందుకు వచ్చింది?

దీనికి ఆ ఆదేశం కంటే కొన్నేళ్లు వెనక్కి వెళ్లాలి. కాల్ సెంటర్లను టెలికం శాఖ ఓఎస్‌పీలుగా, అంటే ఇతర సేవలు అందించే సంస్థలుగా లెక్కగట్టే రోజుల్లో నిఘా ఈపీఏబీఎక్స్ మీద, అంటే ఆఫీసు ఫోన్లను బయటి లైన్లతో కలిపే పెట్టె మీద ఉండేది. పెట్టె ఎక్కడుంది, దానికి ఏ లైన్లు తగిలాయి, బయటి ఫోన్ లైన్లకూ ఆఫీసుల మధ్య లీజు లైన్లకూ నడుమ అడ్డుగోడ ఉందా అన్నది నెట్‌వర్క్ పటంతో సహా చూపించి నమోదు చేసుకోవాలి. ఇంటి నుంచి పని చేయించాలంటే బ్యాంకు గ్యారంటీ కట్టాలి. 2020 మార్చిలో కరోనా వచ్చి ఆ షరతులను సడలించక తప్పలేదు. అదే ఏడాది నవంబరు 5న నమోదు, గ్యారంటీ రెండూ పోయాయి. 2021 జూన్ 23న ఇంకో మెట్టు దిగారు. దేశీయ, అంతర్జాతీయ కేంద్రాలన్న తేడా లేదు, ఈపీఏబీఎక్స్ ప్రపంచంలో ఎక్కడైనా ఉండొచ్చు, ఏజెంటు ఇంటి బ్రాడ్‌బ్యాండ్ మీదే దానికి తగులుకోవచ్చు. సర్వర్ విదేశంలో ఉంటే కాల్ రికార్డుల నకలు మాత్రం ఇక్కడ ఉంచాలి. ఎస్‌టీడీ, ఐఎస్‌డీ మార్గాన్ని తప్పించి కాల్స్ మళ్లించకూడదన్న నిషేధం అలాగే ఉంది.

ఆ సడలింపు వచ్చి ఉండకపోతే హైదరాబాద్‌లో ఎన్నో కాల్ సెంటర్లు నిలబడేవి కావు. అది సరైన నిర్ణయమే. దానితోపాటు ఏ పెట్టె ఎవరిదో చెప్పే పుస్తకం మూతపడింది. స్పామ్ పెరిగినప్పుడు ప్రభుత్వం చేతికి అందేది నంబరు ఒక్కటే అయింది. పెట్టె దగ్గర వదిలేసిన పగ్గాన్ని నంబరు దగ్గర పట్టుకున్నారు.

నంబరును పట్టుకోవడం తేలిక కాదు. పీఆర్‌ఐ ఒక తీగ. ఒక చిరునామాకు వచ్చేది, 30 చానెళ్లు, అంతే. సిప్ ట్రంకులో చానెళ్లు కావలసినన్ని కొనొచ్చు, దాని మీద వంద డీఐడీ నంబర్ల, అంటే ఒక్కో డెస్కుకు నేరుగా చేరే నంబర్ల దొంతర తీసుకోవచ్చు. ఏ కాల్‌కు ఏ నంబరు చూపాలో ఆఫీసు ఫోన్ సర్వరే కాల్‌తో వెళ్లే హెడరులో రాసి పంపుతుంది. ఆటో డయలర్లు దీన్ని వాడుకున్నాయి. ఒక నంబరును జనం స్పామ్ అని గుర్తుపట్టేలోగా తర్వాతి నంబరుకు జరగడం, వంద అయ్యాక మళ్లీ మొదటికి రావడం. ఫిర్యాదు చేసే మనిషి చెప్పగలిగేది తనకు కనిపించిన నంబరే కాబట్టి, ఏ నంబరు మీదా ఫిర్యాదులు పోగుపడేవి కావు. 2024 మొదటి ఆరు నెలల్లో నమోదు లేని టెలిమార్కెటర్ల మీద 7.9 లక్షలకు పైగా ఫిర్యాదులు వచ్చాయని ట్రాయ్ చెప్పింది. ఆదేశం తర్వాత నెలవారీ ఫిర్యాదులు ఆగస్టులో 1.89 లక్షల నుంచి అక్టోబరుకు 1.51 లక్షలకు తగ్గాయి. ట్రాయ్ వాదనకు ఉన్న బలం అదే.

స్పామ్ నిబంధనలకు 2025 ఫిబ్రవరి 12న వచ్చిన సవరణ గీతను ఇంకా దగ్గరికి తెచ్చింది. అంతకుముందు చర్యకు ఏడు రోజుల్లో పది ఫిర్యాదులు కావాలి. ఇప్పుడు పది రోజుల్లో అయిదు చాలు. చర్య తీసుకోవడానికి ఆపరేటరుకు ఉన్న 30 రోజుల గడువు అయిదుకు దిగింది. మొదటి తప్పుకు 15 రోజులు ఔట్‌గోయింగ్ బంద్, మళ్లీ చేస్తే అందరు ఆపరేటర్ల దగ్గరా ఏడాది పాటు లైన్లు తీసేస్తారు. ఫిర్యాదుల లెక్క తప్పుగా చూపే ఆపరేటరుకు రెండు లక్షల నుంచి పది లక్షల దాకా జరిమానా. ముందు లైను కోసి తర్వాత మాట్లాడదామనే తొందర అక్కడి నుంచి వచ్చిందని ఆఫీసుల ఇంజినీర్లు అనుకోవడంలో ఆశ్చర్యం లేదు.

అమ్మకాలు చేయని ఆఫీసు ఎలా ఇరుక్కుంటుంది?

అన్నిటికంటే మామూలు కారణం పైలట్ నంబరు, అంటే ట్రంకు మొత్తానికి ఉండే ముఖ్య నంబరు. సర్వర్ పంపిన నంబరు కేటాయించిన దొంతరలో లేకపోయినా, ఆపరేటరు కోరిన తీరులో లేకపోయినా కొన్ని నెట్‌వర్కులు కాల్‌ను 403 (అనుమతి లేదు) అన్న జవాబుతో తిప్పికొడతాయి. కొన్ని మాత్రం కాల్‌ను పోనిచ్చి పైలట్ నంబరు తగిలిస్తాయి. కాల్స్ వెళ్తున్నాయి కాబట్టి లోపం ఎవరికీ కనబడదు. అన్ని డెస్కుల కాల్స్ ఒకే నంబరు మీద జనానికి చేరుతుంటాయి. మార్కెటింగ్ కుర్చీలోని మనిషి మీద వచ్చిన ఫిర్యాదు రిసెప్షన్ నంబరు ఖాతాలో పడుతుంది. ప్రతి డెస్కు నుంచి ఒక మొబైల్‌కు కాల్ చేసి తెరపై ఏ నంబరు పడిందో రాసుకుంటే అరగంటలో తేలుతుంది. ఆస్టరిస్క్ అనే ఫోన్ సర్వర్ సాఫ్ట్‌వేర్‌లో పీజేసిప్ (దాని సిప్ భాగం) ట్రంకు వాడేవాళ్లు గుర్తింపు హెడరు పంపే సెట్టింగు ఆన్‌లో ఉందో లేదో, దేశం కోడుతో పంపమన్నారో సున్నాతో పంపమన్నారో ఆపరేటరు ఇచ్చిన కాగితంతో పోల్చి చూడాలి.

రెండోది తెరిచి ఉన్న తలుపు. సిప్ కాల్స్ అందుకునే 5060 పోర్టు లోకానికంతటికీ కనిపిస్తూ, 101 ఎక్స్‌టెన్షన్‌కు పాస్‌వర్డు కూడా 101 అయితే, ఆ ట్రంకు మీద మాట్లాడేది ఎవరో యజమానికి తెలియదు. చొరబడినవాళ్లు ఐఎస్‌డీ కాల్స్ చేస్తే బిల్లు చూసి తెలుస్తుంది. దేశంలోనే కాల్స్ చేస్తే ఫిర్యాదులు వచ్చాకే తెలుస్తుంది. ట్రంకు వైపు ఆపరేటరు ఐపీ ఒక్కదానికే అనుమతి ఇవ్వాలి. ఇంటి నుంచి పనిచేసేవాళ్లను వీపీఎన్ ద్వారా తేవాలి. పాస్‌వర్డులు కనీసం 16 అక్షరాలు ఉండాలి, తప్పు పాస్‌వర్డుతో పదేపదే తట్టే ఐపీలను ఫెయిల్‌టుబ్యాన్ అనే ప్రోగ్రాంతో మూసేయాలి. ఒక్కో ఎక్స్‌టెన్షన్‌కు ఒకేసారి రెండు కాల్స్ మించకుండా పరిమితి పెడితే, దొంగ దూరినా ఒక్కసారిగా వంద కాల్స్ పోవు.

మూడోది క్లౌడ్ ఫోన్ పంపిణీదారు. నంబర్లు ఎవరి కేవైసీ మీద ఉన్నాయన్నది కొనేటప్పుడే అడగాలి. పంపిణీదారు పేరిట ఒకే ఖాతాలో పదిమంది వ్యాపారుల నంబర్లు ఉంటే, అందులో ఒకరి తప్పుకు పదిమందీ ఆగిపోతారు. ఇంతకుముందు ఎవరో వాడి వదిలేసిన డీఐడీలు వచ్చే అవకాశమూ ఉంది. కాబట్టి తీసుకున్న రోజే వాటికి స్పామ్ ముద్ర ఉందేమో పరీక్షించి, ఉంటే మార్పించుకోవాలి.

అమ్మకాల కాల్స్ నిజంగానే చేసే విభాగం ఉంటే నమోదు చేసుకుని ప్రచార కాల్స్‌కు కేటాయించిన 140 సిరీస్ తీసుకోవాలి, దాని ట్రంకు, దాని రూటు విడిగా ఉండాలి. ఏ కాల్ ఏ దారిన పోవాలో రాసే డయల్ ప్లాన్‌లో ఆ డెస్కులకు వేరే కాంటెక్స్ట్ (విడి భాగం) పెట్టి, అందులో మామూలు ట్రంకు పేరే లేకుండా చేయాలి. 'ఈ రూటు నిండితే పక్కదానికి పో' అన్న ఒక్క వరుస మిగిలినా, 140 చానెళ్లు నిండిన క్షణంలో ప్రచార కాల్ రిసెప్షన్ నంబరుతో బయటికి వెళ్తుంది. ఎక్కువమంది మర్చిపోయే వరుస ఇదే.

నోటీసు వచ్చాక చేతిలో ఉండే ఆయుధం కాల్ రికార్డు. దానిలోనూ రెండు గుంటలున్నాయి. క్లౌడ్ సర్వర్ గడియారం తరచుగా యూటీసీలో, అంటే గ్రీనిచ్ సమయంలో ఉంటుంది. మధ్యాహ్నం 2.10కి వచ్చిన కాల్ అని ఫిర్యాదులో ఉంటే, సర్వర్‌లో అది ఉదయం 8.40గా ఉంటుంది. అయిదున్నర గంటల తేడా గమనించక 'అలాంటి కాలే లేదు' అని జవాబు రాసేసి, తర్వాత అదే తప్పుడు జవాబుగా తేలుతుంది. గడియారాన్ని సరిచూసే ఎన్‌టీపీ పెట్టి, సమయాన్ని భారత ప్రామాణికానికి మార్చాలి. ఇక ఆస్టరిస్క్ మామూలుగా రాసే రికార్డులో ఎక్స్‌టెన్షన్ ఉంటుంది గానీ బయటికి చూపించిన నంబరుకు విడిగా గడి ఉండదు. ఆస్టరిస్క్ మీదే కట్టిన ఫ్రీపీబీఎక్స్ రికార్డులో ఆ గడి ఉంటుంది. మామూలు ఆస్టరిస్క్ నడిపేవాళ్లు దాన్ని డేటాబేసులో అదనంగా చేర్చుకోవాలి. ఏ డెస్కు ఏ నంబరుతో పిలిచిందో చూపలేని ఆఫీసు, ఆపరేటరుకు ఎంత విన్నవించుకున్నా రుజువు చేయగలిగేది ఏమీ ఉండదు.

ఆపరేటర్ల సంఘం సీఓఏఐ వాదన వేరు. స్పామ్‌లో పెద్ద భాగం వాట్సాప్ లాంటి యాప్‌ల మీదికి పోతుంటే వాటిని వదిలి తమకే జరిమానాలా అని 2025 సవరణ వచ్చినప్పుడే అభ్యంతరం చెప్పింది. అందులో న్యాయం లేకపోలేదు. వంద డీఐడీలు, వందల చానెళ్లు అమ్మేటప్పుడు ఏం పనికి అని అడగాల్సింది మాత్రం అమ్మేవాళ్లే.

ఆఫీసుల వైపు నుంచి వినిపించే కోరిక పెద్దదేమీ కాదు. మొదటి తప్పుకు ఫిర్యాదు వచ్చిన డీఐడీని, దాని రూటును ఆపండి, మిగతావి నడవనివ్వండి, కోసేముందు ఒక పూట గడువుతో కాల్ సమయాలు పంపండి అంటున్నారు. సమయాలు అందితే ఏ డెస్కో పది నిమిషాల్లో పట్టుకోవచ్చు. ఆ 15 రోజుల్లో ఇన్‌కమింగ్ పనిచేస్తూనే ఉంటుంది. రక్తపరీక్షలో ప్రమాదకరమైన అంకె కనిపించిన రోగికి ల్యాబు నుంచి తిరిగి ఫోన్ చేసే దారి మాత్రం ఉండదు.