సుబ్బిశెట్టి ఎవరి సృష్టి?

చింతామణి నాటకం మీద నిషేధం మాట మళ్లీ చర్చకొచ్చింది. 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఈ నాటక ప్రదర్శనల్ని ఆపేసింది. అందులో వైశ్యుడైన సుబ్బిశెట్టి పాత్ర తమను కించపరుస్తోందన్న ఆర్యవైశ్య సంఘాల ఫిర్యాదే కారణం. ఈ గొడవలో ఎక్కువగా తిట్లు తింటున్నది మాత్రం 1927లోనే కన్నుమూసిన నాటక రచయిత కాళ్లకూరి నారాయణరావు.

ఆయన గురించి నాటకాల వాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. వేశ్యావ్యసనం మీద చింతామణి, కట్నం మీద వరవిక్రయం, తాగుడు మీద మధుసేవ రాశారు. ఉపన్యాసం దంచకుండా, చెడ్డవాడికే పసందైన డైలాగులు రాసిచ్చి వాడి బండారం వాడి నోటితోనే బయటపెట్టించడం ఆయన హాస్యంలోని కిటుకు. వరవిక్రయంలో సింగరాజు లింగరాజు నోరు విప్పితే చాలు, పిసినారితనం దానంతటదే దొర్లుకొస్తుంది. డబ్బు పోసి కొనుక్కున్నాం కాబట్టి పెళ్లికొడుకు తమ సొత్తేనని అదే నాటకంలో కమల పట్టుబడుతుంది.

చింతామణిలోనూ ఇదే పద్ధతి. వేశ్య చింతామణి ఇంటి గడప తొక్కి పాడైనవాళ్లు ముగ్గురు. బిల్వమంగళుడు, భవానీశంకరం బ్రాహ్మణులు, మూడోవాడు సుబ్బిశెట్టి. ఎగతాళిలో ఒక కులానికి మినహాయింపు, ఇంకో కులానికి వడ్డింపు అన్న లెక్క పుస్తకంలో కనబడదు. చివరికి చింతామణికే వైరాగ్యం కలుగుతుంది, బిల్వమంగళుడు కృష్ణభక్తుడు లీలాశుకుడవుతాడు. కథ నడిచేది అటువైపే.

మరి శెట్టి ఒక్కడే ఎందుకు మిగిలాడు? నన్నడిగితే మలుపు తిరిగింది కాంట్రాక్టరు నటుల్ని పోగుచేసి రాత్రంతా ఆడించే కాంట్రాక్టు నాటకాల దగ్గర. పద్యానికి రాగం తీసి తీసి, వన్స్‌మోర్‌లు పడి, అర్ధరాత్రి దాటేసరికి జనం కునుకు తీస్తారు. వాళ్లను లేపడానికి హాస్యగాడు కావాలి. అలా సుబ్బిశెట్టికీ చింతామణి ఇంట్లోని చిత్రకూ మధ్య సీన్లు పెరిగాయి. ఆడవేషాలకు పేరుపడ్డ స్థానం నరసింహారావు లాంటి నటుడు చింతామణి వేషం కట్టినప్పుడు జనం ఆ నటన కోసం వచ్చేవారు. తర్వాత్తర్వాత ఊళ్లలో శెట్టి సీను కోసమే టికెట్ కొన్నారు. డబుల్ మీనింగ్ డైలాగులు అప్పటికప్పుడు పుట్టించినవి, ఊరిని బట్టి మారేవి. బిల్వమంగళుడి పశ్చాత్తాపానికి కత్తెర పడింది. శెట్టి సీన్లను విడిగా కూడా ఆడేశారు.

ఫిర్యాదు చేసినవాళ్ల బాధ అబద్ధం కాదు. జాతరలో పక్కింటివాళ్లు తమవైపు చూసి నవ్వుతుంటే పుస్తకంలో ఏముందో వెతుక్కునే ఓపిక ఎవరికుంటుంది? అయితే వాళ్లు చూసి నొచ్చుకున్న సుబ్బిశెట్టిలో కాళ్లకూరి రాసింది కొంతే, మిగతాది స్టేజీ కట్టిన అతుకు. కాంట్రాక్టర్లు ఆ అతుకు మీదే డబ్బు చేసుకున్నారు, నాటక సమాజాలు కూడా అడ్డు చెప్పలేదు. ఇవాళ పొట్టకొట్టారని వాపోతున్న కళాకారులు ఈ మాట కూడా ఒప్పుకోవాలి. వాళ్ల నష్టం మాత్రం నిజమైనది. చింతామణి, ఆమె తల్లి శ్రీహరి వేషాల మీదే బతికిన కుటుంబాలున్నాయి.

నిషేధాన్ని సవాలు చేస్తూ వేసిన పిటిషన్లు హైకోర్టుకు వెళ్లాయి. ఒక పాత్ర మీద అభ్యంతరముంటే మొత్తం నాటకాన్ని ఆపడమేమిటన్న ప్రశ్న అక్కడ వచ్చింది. పుస్తకం చదువుకోవచ్చు, ఆడకూడదు అన్నది ప్రభుత్వ ఉత్తర్వు సారాంశం. అంటే కాళ్లకూరి రాసిన మూలానికి నటులు తిరిగి వెళ్లే దారిని కూడా అది మూసేసింది.