గిగాబిట్ నెట్‌వర్క్‌లో ఫైల్ కాపీ నత్తనడక: అపోహలు - వాస్తవాలు

కంప్యూటర్లను కేబుళ్లతో కలిపే నెట్‌వర్క్ స్విచ్ గిగాబిట్, కంప్యూటర్లు కొత్తవే, అయినా షేర్డ్ ఫోల్డర్‌లోంచి ఫైలు రావడానికి గంటలు పడుతోంది. నెట్‌వర్క్‌లు చూసుకునే పనిలో నా దగ్గరికి ఎక్కువగా వచ్చే ఫిర్యాదు ఇదే. చాలామంది నాకు చెప్పేలోపే కొత్త స్విచ్ కొనేసి ఉంటారు. ఆ ఖర్చు చూసినప్పుడల్లా బాధేస్తుంది, అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: గిగాబిట్ అంటే సెకనుకు 1000 ఎంబీ రావాలి.

వాస్తవం: నెట్‌వర్క్ వేగం బిట్లలో చెబుతారు, కాపీ విండో బైట్లలో చూపిస్తుంది. బైటుకి 8 బిట్లు, కాబట్టి 1000ని 8తో భాగిస్తే 125. డేటా ముక్కలుగా, అంటే ప్యాకెట్లుగా వెళ్తుంది; ఒక్కోదానికి అడ్రస్ లాంటి వివరాలతో అంటించే హెడర్లు పోను సెకనుకు 110 ఎంబీ వస్తుంటే మీ నెట్‌వర్క్‌కి ఏ జబ్బూ లేదు.

అపోహ: కేబుల్ పెట్టిన పోర్టు దగ్గర లైటు వెలుగుతోందంటే కేబుల్ బాగున్నట్టే.

వాస్తవం: కాపీ సరిగ్గా 11 ఎంబీ దగ్గర నిలబడిపోయిందా? నేను ముందు కేబులే పట్టుకుంటాను. అది 100 మెగాబిట్ లింక్ ఇచ్చే అంకె. గిగాబిట్‌కి కేబుల్‌లోని నాలుగు జతల తీగలూ కావాలి, 100 మెగాబిట్‌కి రెండు జతలు చాలు. మిగతా రెండు జతల్లో ఒక తీగ తెగినా లింక్ చప్పుడు చేయకుండా 100కి దిగిపోవచ్చు. లైటు మాత్రం వెలుగుతూనే ఉంటుంది.

ఒక ఆఫీసులో వీడియో ఎడిటింగ్ చేసే కంప్యూటర్‌కి ఇదే సమస్య. కేబుల్ వెంట చెయ్యి పెట్టి తడుముకుంటూ వెళ్తే, టేబుల్ కాలు కింద ఒకచోట అట్టముక్కలా నలిగిపోయి ఉంది. కేబుల్ మార్చగానే 112 ఎంబీ. అక్కడ కొత్త స్విచ్‌కి అప్పటికే ఆర్డర్ వెళ్లిపోయింది. విండోస్‌లో అడాప్టర్ స్టేటస్ తెరిస్తే స్పీడ్ అన్న వరుసలో లింక్ వేగం కనిపిస్తుంది. అర నిమిషం పని. ముందు అది చూడండి.

దీనికి దగ్గరి చుట్టం ఇంకోటి ఉంది. ఎవరో ఒకవైపు 100 ఫుల్ డ్యూప్లెక్స్ (ఒకేసారి పంపడం, అందుకోవడం) అని చేత్తో సెట్ చేసి, రెండోవైపు ఆటోలో వదిలేస్తారు. ఆటోలో ఉన్నది హాఫ్ డ్యూప్లెక్స్‌కి (ఒకసారికి ఏదో ఒకటే) పడిపోతుంది, వేగం కుప్పకూలుతుంది. రెండువైపులా ఆటోలోనే ఉంచండి.

అపోహ: ఖరీదైన కేబుల్ వేస్తే, ఇంటర్నెట్ ప్లాన్ పెంచితే బాగుపడుతుంది.

వాస్తవం: బాగున్న క్యాట్ 5ఈ రకం నెట్‌వర్క్ కేబుల్ 100 మీటర్ల వరకు గిగాబిట్ మోస్తుంది. ఇక ఒకే నెట్‌వర్క్‌లోని రెండు కంప్యూటర్ల మధ్య కాపీకి ఇంటర్నెట్‌తో పనే లేదు.

అపోహ: 10 జీబీ అంటే 10 జీబీయే, ఒక ఫైలైనా లక్ష ఫైళ్లైనా ఒకటే టైము.

వాస్తవం: ఒకే ఫైలైతే నిమిషంన్నరలో అయిపోతుంది. లక్ష ఫైళ్లైతే ప్రతిదాన్నీ సర్వర్‌లో తెరవాలి, రాయాలి, మూయాలి. ప్రతి అడుగుకీ సర్వర్ జవాబు కోసం ఆగాలి. ఫైలుకి 5 మిల్లీసెకన్లు వేసుకున్నా ఈ ఎదురుచూపులకే 8 నిమిషాలు దాటుతుంది. పైగా యాంటీవైరస్ ఒక్కోదాన్నీ స్కాన్ చేస్తుంది. జిప్ చేసి పంపండి, లేదా విండోస్‌లోనే ఉన్న రోబోకాపీ అనే కాపీ కమాండ్‌ని మల్టీథ్రెడ్ ఆప్షన్‌తో వాడండి. ఒకేసారి చాలా ఫైళ్లు కదులుతాయి.

అపోహ: జంబో ఫ్రేమ్స్ (పెద్ద సైజు ప్యాకెట్లు) ఆన్ చేస్తే స్పీడు రెట్టింపు.

వాస్తవం: 1500 బైట్ల ప్యాకెట్ 9000 అయితే హెడర్లలో మిగిలేది ఐదు శాతం లోపే. దారిలో ఒక్క పరికరం దాన్ని ఒప్పుకోకపోయినా ఫోల్డర్ తెరుచుకుంటుంది కానీ కాపీ మధ్యలో బిగుసుకుపోతుంది. గిగాబిట్ మీద నేను దాని జోలికే వెళ్లను.

అపోహ: కాపీ నిదానమైతే తప్పు నెట్‌వర్క్‌దే.

వాస్తవం: డిస్క్‌ని పక్కనపెట్టి కొలవండి. ఐపెర్ఫ్3 అనే ఉచిత టూల్‌ని ఒక కంప్యూటర్‌లో సర్వర్‌గా, రెండోదాంట్లో క్లయింట్‌గా నడిపితే డేటా మెమరీ నుంచి మెమరీకే వెళ్తుంది. 940 మెగాబిట్లు వచ్చాయా, నెట్‌వర్క్‌ని వదిలేయండి. యూఎస్‌బీ 2.0 పోర్టుకి పెట్టిన డ్రైవ్ అయితే 40 ఎంబీ దాటడమే కష్టం. కాపీ మొదట జోరుగా వెళ్లి కాసేపటికి చతికిలపడితే డ్రైవ్‌లోని క్యాష్ (డేటాని ముందుగా పట్టి ఉంచే చిన్న వేగవంతమైన చోటు) నిండిందేమో చూడాలి. ఐపెర్ఫ్3 పరీక్షను డేటా దిక్కు మార్చే రివర్స్ ఆప్షన్‌తో కూడా నడపండి. ఒక దిక్కున 940, రెండో దిక్కున 200 వచ్చిందంటే మళ్లీ కేబుల్ దగ్గరికి, నెట్‌వర్క్ కార్డు డ్రైవర్ దగ్గరికి వెళ్లాల్సిందే.