ఇంటి పన్ను అద్దెను వదిలి భూమి ధర వెంట ఎందుకు పడింది?

ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో 2021 తర్వాత వచ్చిన ఇంటి పన్ను నోటీసులు చాలామందిని టెన్షన్ పెట్టాయి. కొత్తగా గది వేయలేదు, పోర్షన్ అద్దెకివ్వలేదు, అయినా పన్ను పెరిగింది. లెక్కగట్టే పద్ధతే మారిపోయింది మరి.

అంతకుముందు పన్నుకు ఆధారం ఏడాది అద్దె విలువ. ఇల్లు అద్దెకిస్తే ఎంత వస్తుందో అంచనా వేసి, అందులో కొంత శాతం వసూలు చేసేవారు. ఈ లెక్కకు పెద్ద అడ్డంకి అద్దె నియంత్రణ చట్టాలు. చట్టం ప్రకారం రావలసిన అద్దెను మించి విలువ కట్టకూడదని ఢిల్లీ ఇళ్ల కేసులో సుప్రీంకోర్టు 1979లో తీర్పు చెప్పింది. బయట అద్దెలు ఎంత పెరిగినా పన్ను మాత్రం అక్కడే ఆగిపోయింది. 1993లో మున్సిపాలిటీలకు రాజ్యాంగ హోదా ఇచ్చిన 74వ రాజ్యాంగ సవరణ అమల్లోకి వచ్చింది. అయినా ఏ పన్ను ఎంత వేయాలో మున్సిపాలిటీలకు చెప్పే అధికారం రాష్ట్రాల దగ్గరే ఉండిపోయింది. ఓట్లు పోతాయన్న భయంతో ప్రభుత్వాలు సవరణల జోలికి పెద్దగా పోలేదు.

2020లో కోవిడ్ దెబ్బకు ఖజానాలు ఖాళీ అయ్యాయి. రాష్ట్రాలు అదనంగా అప్పు తెచ్చుకోవచ్చన్న కేంద్రం, కొన్ని షరతులు పెట్టింది. కనీస ఆస్తి పన్ను రేట్లను రిజిస్ట్రేషన్ విలువలకు తగ్గట్టు ప్రకటించాలన్నది అందులో ఒకటి. ఆ నవంబరులోనే ఆంధ్రప్రదేశ్ చట్టం మార్చి, పన్నుకు అద్దె బదులు ఆస్తి విలువను ఆధారం చేసింది. నివాస గృహాలకు ఆస్తి విలువలో 0.10 నుంచి 0.50 శాతం, నివాసేతర భవనాలకు 0.20 నుంచి 2 శాతం. రిజిస్ట్రేషన్ విలువ 20 లక్షలున్న ఇంటికి 0.10 శాతమైతే ఏడాదికి 2,000 రూపాయలు, 0.50 శాతమైతే 10,000. ఒకేసారి భారం పడకుండా పెంపు 15 శాతం దాటదని ప్రభుత్వం హామీ ఇచ్చింది.

పట్టణాలకు డబ్బు కావాలి, కాదనలేం. కాలువలు, వీధి దీపాలు, చెత్త బండ్లు దీనితోనే నడవాలి. కానీ స్థలం ధర పెరిగినంత మాత్రాన పెన్షన్ మీద బతికే పెద్దాయన చేతికి రూపాయి రాదు. అమ్మితేనే ఆ లాభం.

ముంబై కార్పొరేషన్ కూడా ఇలాగే మూలధన విలువకు, అంటే ఆస్తి ధర మీద పన్ను వేసే పద్ధతికి మారి కోర్టు మెట్లెక్కింది. 2022 నవంబరులో సుప్రీంకోర్టు ఆ పద్ధతిని తప్పు పట్టలేదు. అయితే స్థలంలో ఇంకా ఎంత కట్టుకోవచ్చన్న భవిష్యత్ అవకాశాన్ని లెక్కలో చేర్చిన నిబంధనలను కొట్టేసింది. ఆస్తి ఈ రోజు ఎలా ఉందో దాన్నే చూడాలంది. మన పట్టణాల్లోనూ ప్రతి నోటీసుతో పాటు స్థలం విలువ ఎంత, కట్టడం విలువ ఎంత, రేటు ఎంత అన్నది విడివిడిగా రాసిన కాగితం ఇంటి యజమాని చేతికి అందాలి.