పిల్లి లుకేమియా వైరస్ ఎందుకు వదలదు?

కడప, ప్రొద్దుటూరు ఇళ్లలో పిల్లి అంటే ఒకప్పుడు ఎలుకల కోసమే. ఇప్పుడు పర్షియన్ పిల్లులను కొని మురిపెంగా పెంచుకునేవారూ ఉన్నారు. రక్తపరీక్షలో, పిల్లులకు రక్తక్యాన్సర్ తెచ్చే లుకేమియా వైరస్ బయటపడితే వాళ్లు ముందుగా అడిగేది, దాన్ని పూర్తిగా పోగొట్టే మందు ఏదని. అలాంటి మందు లేదు. కారణం ఆ వైరస్ పెరిగే తీరులోనే ఉంది.

1964లో స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో పశువైద్య శాస్త్రవేత్త విలియం జారెట్ బృందం ఈ వైరస్‌ను గుర్తించింది. ఒకే ఇంటి పిల్లులకు లింఫ్ క్యాన్సర్ వరసగా రావడమే వారికి దొరికిన ఆధారం. అదే ఏడాది అమెరికాలో హోవార్డ్ టెమిన్, కోళ్లకు కణితులు తెచ్చే వైరస్ తన జన్యు సమాచారమున్న ఆర్‌ఎన్‌ఏను, కణాల జన్యు పదార్థమైన డీఎన్‌ఏగా మార్చుకుని కణంలో నిలిచిపోతుందని ప్రతిపాదించారు. డీఎన్‌ఏ నుంచి ఆర్‌ఎన్‌ఏ పుడుతుందే తప్ప అటునుంచి ఇటు రాదని నమ్మిన రోజులవి. చాలామంది ఆయన మాట కొట్టిపారేశారు. 1970లో ఆయన, డేవిడ్ బాల్టిమోర్ వేర్వేరుగా ఆ పని చేసే ఎంజైమును చూపించాక గానీ నోళ్లు మూతపడలేదు. 1975లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది.

ఆ ఎంజైము పేరు రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్. పిల్లి లుకేమియా వైరస్‌లోనూ అది ఉంటుంది. పిల్లి కణంలో దొరికే చిన్న ఆర్‌ఎన్‌ఏ ముక్కను ఆసరా చేసుకుని అది వైరస్ ఆర్‌ఎన్‌ఏకు డీఎన్‌ఏ నకలు రాస్తుంది. ఇంటెగ్రేజ్ అనే మరో ఎంజైము ఆ నకలును పిల్లి క్రోమోజోములో అతికిస్తుంది. అద్దెకు దిగినవాడు ఇంటి దస్తావేజులో తన పేరు ఎక్కించుకున్నట్టే! ఇక కణం తన జన్యువులతోపాటు వైరస్‌వీ చదువుతుంది, కొత్త వైరస్‌లను తయారు చేస్తుంది, విభజన చెందినప్పుడు పిల్ల కణాలకూ ఆ నకలును అందిస్తుంది. రాతలో దొర్లిన తప్పులను సరిదిద్దే గుణం రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్‌కు లేదు. అందుకే ఈ జాతి వైరస్‌లు తేలిగ్గా రూపు మారతాయి.

దీనికి దూరపు చుట్టం ఎఫ్‌ఐవీ, అంటే పిల్లుల రోగనిరోధక శక్తిని దెబ్బతీసే వైరస్. 1986లో కాలిఫోర్నియాలో నీల్స్ పెడర్సన్, జానెట్ యమమోటో దాన్ని వేరుచేశారు. లుకేమియా వైరస్ ఎక్కువగా లాలాజలం ద్వారా, ఒకదాన్నొకటి నాకడం వల్ల పాకుతుంది. ఎఫ్‌ఐవీ ప్రధానంగా గండుపిల్లుల కాట్ల వల్ల. రెండూ మనుషులకు సోకవు. ‘పిల్లి ఎయిడ్స్’ అన్న భయంతో పెంచిన జీవాన్ని వీధిలో వదిలేయడం అన్యాయం.

లుకేమియా వైరస్‌కు టీకా 1985 నుంచీ ఉంది. అయితే కణంలో అప్పటికే చేరిన నకలును అది తుడిచేయలేదు. కొన్ని పిల్లుల్లో రోగనిరోధక శక్తి వైరస్‌ను అణిచివేస్తుంది. అప్పుడు మామూలు కిట్ పరీక్షలో నెగెటివ్ వచ్చినా, డీఎన్‌ఏను వెతికే పీసీఆర్ పరీక్షలో నకలు కనిపించవచ్చు. అలాంటి పిల్లి రక్తాన్ని మరో పిల్లికి ఎక్కించకూడదు.