చెవిపోటు: ‘రెండు రోజులు చూద్దాం’ వెనక కథ

చెన్నైలో వానలు పట్టగానే పిల్లలకు జలుబులు, వాటి వెనకే చెవిపోట్లు, ఆ వెనకే పాత గొడవ: యాంటీబయాటిక్ వెంటనే వెయ్యాలా, ఆగి చూడాలా? పెరంబూరులో మా పక్కింటి అమ్మాయి నిన్న అడిగింది: “డాక్టరుగారు రెండు రోజులు చూద్దామంటున్నారు. రాత్రి నొప్పని లేస్తే నేనేం చెయ్యను అక్కా?” ఆమె ఫ్రిజ్ తలుపులో పోయినసారి మిగిలిన అమాక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్ సీసా ఉంది. పొడిలో నీళ్లు కలిపిన ఆ సిరప్ వారం పది రోజులు దాటితే పనికిరాదు. అయినా పారేయడానికి ఆమెకు చెయ్యి రాలేదు.

నా లెక్కలో ఈ గొడవకు ముడి పడింది ఇదే ఊళ్లో, 2012 ఆగస్టు 24న. అతిగా వాడటంతో సూక్ష్మజీవులు యాంటీబయాటిక్స్‌కి లొంగకుండా పోతున్నాయని, దాన్ని ఆపే దారి వెతుకుతూ వైద్య సంఘాలు ఇక్కడ కూర్చుని ‘చెన్నై డిక్లరేషన్’ తయారుచేశాయి. డాక్టరు చీటీ లేనిదే ఏ యాంటీబయాటిక్కూ అమ్మొద్దని ఒక్కసారిగా బిగిస్తే, డాక్టరే దొరకని ఊళ్లవాళ్లు ఏమైపోవాలి? అందుకే మెల్లగా, దశలవారీగా వెళ్దామన్నారు. 2014 మార్చి 1న అమల్లోకి వచ్చిన షెడ్యూల్ హెచ్1 అనే మందుల జాబితా ఆ దారిలోదే. మొదట అందులో పెట్టిన 46 మందుల్లో ఏది అమ్మినా డాక్టరు పేరు, పేషెంటు పేరు రిజిస్టర్‌లో రాసి మూడేళ్లు దాచాలి. పిల్లలకు తరచూ రాసే మరో యాంటీబయాటిక్ సెఫిక్సిమ్ ఆ జాబితాలో ఉంది, అమాక్సిసిలిన్ లేదు. దీనికీ చీటీ కావాలన్న పాత రూలు ఉంది గానీ రిజిస్టర్ లేదు. ఆ సందులోంచే సీసా ఇంటికొస్తోంది.

ఇక డాక్టర్ల మాట. ‘చూద్దాం’ అన్నది వాళ్లు తప్పించుకోవడానికి అనే మాట కాదు. నెదర్లాండ్స్‌లో ఫ్యామిలీ డాక్టర్లు 1990 నుంచే ఈ పద్ధతిలో ఉన్నారు, అమెరికా 2004లో ఒప్పుకుంది. యాంటీబయాటిక్ ఇచ్చినా ఇవ్వకపోయినా నూటికి 60 మంది పిల్లలకు 24 గంటల్లో నొప్పి తగ్గిపోతుంది. మందు పడిన ప్రతి 14 మందిలో ఒకరికి అదనంగా విరేచనాలో, వాంతులో, దద్దుర్లో వస్తాయి.

తల్లుల భయంలోనూ న్యాయముంది. చిన్నపిల్లలకు మందు మేలు చేస్తుందని 2011లో ఫిన్లాండ్, అమెరికా పరీక్షలు చూపించాయి. 39 డిగ్రీల సెల్సియస్ (దాదాపు 102 ఫారెన్‌హీట్) జ్వరం, తట్టుకోలేని నొప్పి, చెవిలోంచి చీము ఉంటే 2013 అమెరికా మార్గదర్శకాలు కూడా ఆగమనవు; ఆరు నెలల లోపు పసివాళ్లకైతే అవి అసలు వర్తించవు. ఆగినప్పుడు నొప్పికి బరువును బట్టి పారాసెటమాల్ పడాలి. 48 నుంచి 72 గంటల్లో తగ్గకపోతే డాక్టరు మళ్లీ చూడాలి. ఆ రెండో చూపు దొరకని ఇంట్లోనే పాత సీసా బయటికి వస్తుంది.

మా పక్కింటి బాబుకి నాలుగేళ్లు. జ్వరం లేదు, ఒక చెవే. చీటీ వెనక డాక్టరుగారు పెన్నుతో రాశారు: “గురువారం సాయంత్రం తీసుకురండి. ఫీజు వద్దు.”