రాజ్యసభలో మన సీట్లు: అపోహలు, వాస్తవాలు, ఒక లాటరీ

మొన్న రాత్రి పదకొండు దాటాక ఒక అమ్మాయి ఫోను చేసింది. అశోక్‌నగర్‌లో మా దగ్గర గ్రూప్-2కు చదువుతోంది. "సార్, ఆంధ్రప్రదేశ్‌కు రాజ్యసభ సీట్లు 27 కదా? మోడల్ టెస్టు కీలో 11 అని ఇచ్చారు. నేను రాసిందే రైటు కదా?" అంది. లెక్క కూడా అప్పజెప్పింది. మొదటి 50 లక్షల జనాభాకు పది లక్షలకొకటి చొప్పున 5 సీట్లు, ఆపైన ప్రతి 20 లక్షలకు ఒకటి. 2011 జనాభా దాదాపు 4.95 కోట్లు కాబట్టి 5కు 22 కలిపి 27. అదే లెక్కన 3.5 కోట్ల తెలంగాణకు 20.

లెక్కలో ఎక్కడా తప్పు లేదు. జవాబే తప్పు. గొంతులో వణుకు వినిపిస్తోంది, రెండో అటెంప్టు మరి. గట్టిగా అనలేకపోయాను. కానీ ఆ లెక్కను టెలిగ్రామ్‌లో పీడీఎఫ్ చేసి తిప్పినవాళ్లు దొరికితే మాత్రం వదలను. ఏటా ప్రతి బ్యాచ్‌లో కనీసం పది మందిని ఇదే ముంచుతోంది.

అపోహ: జనాభా పెరిగితే రాజ్యసభ సీట్లు వాటంతటవే పెరుగుతాయి.

పెరగవు. రాజ్యాంగం 80వ అధికరణ తీసి చదవండి. సీట్ల పంపకం నాలుగో షెడ్యూలు (ఏ రాష్ట్రానికి ఎన్ని సీట్లో రాసిన పట్టిక) ప్రకారం అంటుందే తప్ప, పది లక్షలు, ఇరవై లక్షలు అన్న మాట అందులో ఎక్కడా లేదు. ఆ సూత్రం షెడ్యూలు రాసేటప్పుడు వాడిన కొలబద్ద. కొలిచారు, అంకె రాశారు, కొలబద్ద పక్కన పెట్టేశారు. పార్లమెంటు చట్టం చేసి దిద్దితే తప్ప ఆ అంకె కదలదు.

మన చరిత్రే సాక్ష్యం. 1952లో రాజ్యసభ మొదలైనప్పుడు ఉమ్మడి మద్రాసుకు 27, హైదరాబాద్ రాష్ట్రానికి 11 సీట్లు. మన సుందరయ్య గారు అప్పుడు మద్రాసు నుంచే రాజ్యసభకు వెళ్లారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం విడిపోయింది. ఆంధ్రకు 12, మిగిలిన మద్రాసుకు 18. కూడి చూడండి, 30. విడిపోతే మూడు సీట్లు పెరిగాయి! ఎందుకంటే, ఆ మొదటి 50 లక్షల లాభం ఒక రాష్ట్రంగా ఉంటే ఒక్కసారే దక్కుతుంది, రెండైతే రెండుసార్లు.

1956లో తెలంగాణతో కలిసి ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక 18. 1951 జనాభా లెక్కల్లో ఈ ప్రాంతానికి 3.11 కోట్లు. సూత్రంలో పెట్టండి: 5, 13 కలిపి సరిగ్గా 18. కొలబద్ద అప్పుడు వాడారు. తర్వాత 58 ఏళ్లలో జనాభా రెండున్నర రెట్లు దాటింది, సీట్లు మాత్రం 18 దగ్గరే నిలబడ్డాయి. 2014 జూన్ 2న మళ్లీ విడిపోయాం. ఈసారి 1953లోలాగా పెరిగాయా? లేదు. ఉన్న 18నే 11, 7గా పంచారు.

ఇది మనకు జరిగిన అన్యాయమని వాట్సాప్‌లో వాపోయేవాళ్లకు ఒక మాట. 2000లో ఉత్తరాఖండ్, ఝార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ ఏర్పడ్డప్పుడూ ఇలాగే చేశారు. ఉత్తరప్రదేశ్ 34ను 31, 3గా, బిహార్ 22ను 16, 6గా, మధ్యప్రదేశ్ 16ను 11, 5గా పంచారు. ఎవరికీ ఒక్క సీటు కలవలేదు.

ఈ ముక్క అర్థమైతే డీలిమిటేషన్ (నియోజకవర్గాల పునర్విభజన) పుకారు దానంతటదే రాలిపోతుంది. "డీలిమిటేషన్ జరిగితే రాజ్యసభలోనూ దక్షిణాదికి కోత పడుతుందట సార్" అని ఈ మధ్య రోజూ ఎవరో ఒకరు అడుగుతున్నారు. లోక్‌సభ సంగతిలో ఆ గుబులు అర్థం చేసుకోదగ్గదే, పిల్లల్ని నవ్వులాటగా తీసేయను. కానీ డీలిమిటేషన్ లోక్‌సభ, శాసనసభ నియోజకవర్గాలకు సంబంధించింది, 82, 170 అధికరణల వ్యవహారం. ఆ కమిషన్ నాలుగో షెడ్యూలు జోలికి పోదు. అసెంబ్లీ స్థానాలు మారితే ఒక రాజ్యసభ సీటుకు ఎంతమంది ఎమ్మెల్యేలు కావాలన్నది మారొచ్చు. ఇప్పుడు 175 మంది ఉన్న ఏపీలో నాలుగు సీట్లకు ఎన్నిక జరిగి అందరూ ఓటేస్తే, ఒక్కో ఓటు విలువ 100 చొప్పున కోటా, అంటే గెలవడానికి కావాల్సిన ఓట్ల విలువ, 3,501. అంటే 36 మంది మద్దతు కావాలి. మారేది అంతవరకే.

అపోహ: 2014లో ఏ ప్రాంతం ఎంపీ ఆ రాష్ట్రానికి వెళ్లాడు.

ఇందులో నేనూ పడ్డాను. విభజన జరిగిన కొత్తలో క్లాసులో బోర్డు మీద తెలంగాణ సభ్యుల వరుసలో కె. కేశవరావు గారి పేరు రాశాను. టీఆర్ఎస్ పెద్దాయన, తెలంగాణ కాక ఇంకెక్కడ ఉంటారు? వెనక బెంచీ నుంచి కరీంనగర్ కుర్రాడు లేచి, "సార్, ఆయన లాటరీల ఆంధ్రకు పోయిండు" అన్నాడు. క్లాసంతా గొల్లుమంది. ఇంటికెళ్లి చూసుకుంటే వాడిదే కరెక్టు.

విభజన చట్టంలో అలాగే ఉంది. పదవీకాలం ఎప్పుడు ముగుస్తుందో దాన్నిబట్టి సభ్యులను గుంపులు చేశారు. 2016లో దిగేవారిలో ఏపీకి 4, తెలంగాణకు 2. 2018 వాళ్లలో చెరి మూడు. 2020 వాళ్లలో మళ్లీ 4, 2. ఎవరు ఎటన్నది సభాధ్యక్షుడి సమక్షంలో డ్రా తీసి తేల్చారు, అప్పుడు అధ్యక్షుడు హమీద్ అన్సారీ. కేశవరావు గారు 2020 ఏప్రిల్ దాకా కాగితం మీద ఏపీ సభ్యుడే. దేవేందర్ గౌడ్, రేణుకా చౌదరి కూడా 2018 వరకు అంతే. అటు కేవీపీ రామచంద్రరావు, సీఎం రమేష్ తెలంగాణ ఖాతాలో పడ్డారు. ఏపీకి ప్రత్యేక హోదా కోసం ప్రైవేటు బిల్లు పెట్టిన కేవీపీ రికార్డుల్లో తెలంగాణ సభ్యుడన్నమాట! ఆ 4-3-4, 2-3-2 వరుసలోనే ఇప్పటికీ రెండేళ్లకోసారి మన ఎన్నికలు వస్తున్నాయి.

మిగతావి చకచకా. ఎమ్మెల్సీలకు రాజ్యసభ ఎన్నికలో ఓటు లేదు, ఎన్నికైన ఎమ్మెల్యేలకే ఉంది. కాబట్టి మండలి ఉన్నా, రద్దయినా మన సీట్లు తగ్గవు, పెరగవు. రాష్ట్రపతి నామినేట్ చేసే 12 మంది ఏ రాష్ట్రం కోటాలోకీ రారు. సినారె గారినీ, విజయేంద్రప్రసాద్ గారినీ మన లెక్కలో కలపకండి. ఉపఎన్నికలో గెలిచినవాళ్లకు ఆరేళ్లు రావు, మిగిలిన కాలమే. స్థానికుడై ఉండాలన్న షరతును 2003లో తీసేశారు, 2006లో సుప్రీంకోర్టు సమర్థించింది. అందుకే 2024లో బయటి రాష్ట్రానికి చెందిన కాంగ్రెస్ నేత అభిషేక్ సింఘ్వీ తెలంగాణ నుంచి వెళ్లగలిగారు. "పరాయివాడు ఎలా పోటీ చేస్తాడు సార్" అని నన్ను అడక్కండి, మన వెంకయ్యనాయుడు గారు మూడుసార్లు కర్ణాటక నుంచి, తర్వాత రాజస్థాన్ నుంచి వెళ్లారు.

ఆ అమ్మాయి మర్నాడు క్లాసుకొచ్చి ఒక ప్రశ్న వేసింది. "అయితే సార్, 1953లో వాడిన కొలబద్ద 2014లో ఎందుకు వాడలేదు?" ఈ ప్రశ్న పరీక్షలో రాదమ్మా అన్నాను. రాకపోయినా చెప్పండి అంది. 1953 నాటిలా ఇద్దరికీ విడివిడిగా కొలిస్తే 47 వస్తాయి కదా, రాజ్యాంగం ప్రకారం రాజ్యసభ మొత్తమే 250 దాటకూడదు, మనకే అలా ఇస్తే మిగతా రాష్ట్రాలు ఊరుకుంటాయా అన్నాను. వెంటనే నోట్సు తీసి ఉత్తరప్రదేశ్‌కు ఎన్ని వస్తాయో లెక్కేయడం మొదలుపెట్టింది.