కాంతి సంవత్సరానికి ఎన్ని ఆంగ్‌స్ట్రామ్‌లు?

ఒక కాంతి సంవత్సరం పొడవున హైడ్రోజన్ పరమాణువులను ఒకదాని పక్కన ఒకటి వరసగా పేర్చామనుకుందాం. ఆ వరస మొత్తం బరువెంత ఉంటుంది? దాదాపు 150 గ్రాములు. ఓ మాదిరి జామకాయ బరువు!

నమ్మకం కుదరకపోతే లెక్క వేసి చూడండి. వెలుగు సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది. ఆ లెక్కన ఏడాదికి 9.46 లక్షల కోట్ల కిలోమీటర్లు, అంటే 9.46 × 10¹⁵ మీటర్లు. మీటరును వెయ్యి కోట్ల భాగాలు చేస్తే అందులో ఒక భాగం ఆంగ్‌స్ట్రామ్. కాబట్టి మీటరుకు 10¹⁰ ఆంగ్‌స్ట్రామ్‌లు, కాంతి సంవత్సరానికి 9.46 × 10²⁵. హైడ్రోజన్ పరమాణువు అడ్డుకొలతను 1.06 ఆంగ్‌స్ట్రామ్‌లుగా తీసుకుంటే, వరసలో 8.9 × 10²⁵ పరమాణువులు పడతాయి. దాదాపు 6 × 10²³ హైడ్రోజన్ పరమాణువులు కలిస్తే ఒక గ్రాము. ఇక భాగించడమే.

ఇలాంటి మార్పిడి ఏదైనా మీటరు మీదుగా చేయడం మేలు. ముందు పెద్ద కొలతను మీటర్లలోకి తెచ్చుకుని, అక్కడి నుంచి చిన్న కొలతలోకి దిగాలి. గుణకారంలో ఘాతాలు కూడుకుంటాయి, అంతే. పిల్లలు తడబడేది ఘాతం గుర్తు దగ్గరే. 10¹⁰ బదులు 10⁻¹⁰తో గుణిస్తే కాంతి సంవత్సరానికి 9.46 × 10⁵ ఆంగ్‌స్ట్రామ్‌లే వస్తాయి. అది మిల్లీమీటరులో పదో వంతు కూడా కాదు. జవాబు రాగానే ‘ఇంత చిన్నదా?’ అని ఒక్కసారి అడిగి చూసుకునే అలవాటు ఉంటే ఈ పొరపాటు ఇట్టే దొరికిపోతుంది.

మిగతా కొలతలకూ ఇదే దారి. భూమికీ సూర్యుడికీ మధ్య సగటు దూరం ఆధారంగా ఏర్పడిన ఆస్ట్రనామికల్ యూనిట్‌ను 2012లో సరిగ్గా 149,597,870,700 మీటర్లుగా ఖాయం చేశారు. అంటే సుమారు 1.5 × 10²¹ ఆంగ్‌స్ట్రామ్‌లు. పార్సెక్ అంటే 3.26 కాంతి సంవత్సరాలు. పరమాణు కేంద్రకాన్ని కొలిచే ఫెర్మీ 10⁻¹⁵ మీటర్లు.

ఇంత పెద్ద కొలతనూ ఇంత చిన్న కొలతనూ ఒకే లెక్కలోకి ఎందుకు తేవాలి, పరీక్షల కోసమేనా అని చాలామందికి అనిపిస్తుంది. నిజానికి ఆంగ్‌స్ట్రామ్ ఆకాశాన్ని చూస్తూ పుట్టిన కొలతే. స్వీడన్ శాస్త్రవేత్త ఆండర్స్ ఆంగ్‌స్ట్రామ్ 1868లో సూర్యుడి వర్ణపటం (వెలుగును రంగులుగా విడదీస్తే కనిపించే పట్టీ) పటాన్ని ప్రచురించాడు. అందులో దాదాపు వెయ్యి రేఖల తరంగదైర్ఘ్యాలను మిల్లీమీటరులో కోటో వంతు లెక్కన ఇచ్చాడు. ఆ కొలతకే తర్వాత ఆయన పేరు పెట్టారు.

సరిగ్గా ఆ ఏడాదే, ఆగస్టు 18న, మన గుంటూరులో సంపూర్ణ సూర్యగ్రహణం కనిపించింది. దాన్ని చూడటానికి ఫ్రాన్స్ నుంచి వచ్చిన పియర్ జాన్సెన్, సూర్యుడి అంచున ఎగసే జ్వాలల వెలుగును వర్ణపటదర్శినితో పరిశీలించి ప్రకాశవంతమైన రేఖలు చూశాడు. అక్టోబరులో ఇంగ్లండ్‌లో నార్మన్ లాకియర్, గ్రహణంతో పని లేకుండానే ఆ జ్వాలల వర్ణపటాన్ని పరిశీలించాడు. వర్ణపటంలో ఒక్కో మూలకానికీ సొంత రేఖలుంటాయి. అందులోని పసుపు రేఖ సోడియంది కాదని తేలింది. నేటి కొలతల్లో సోడియం జంట రేఖలు 5890, 5896 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర ఉంటాయి. ఈ కొత్త రేఖ ఉన్నది 5876 దగ్గర. పదిహేను కోట్ల కిలోమీటర్ల అవతల ఉన్న సూర్యుడిలో హీలియం ఆచూకీ చెప్పింది ఈ 14 ఆంగ్‌స్ట్రామ్‌ల తేడాయే! భూమ్మీద అదే మూలకాన్ని విలియం రామ్సే గుర్తించింది 1895లో. గుంటూరు పేరు ఈ కథలో ఉందని మన పాఠాల్లో ఇంకాస్త గట్టిగా చెప్పాలని నా కోరిక.

గెలాక్సీల దూరాలకూ ఆంగ్‌స్ట్రామ్‌లు దారి చూపుతాయి. హైడ్రోజన్ ఎర్ర రేఖ ప్రయోగశాలలో 6563 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర ఉంటుంది. ఏదో ఒక గెలాక్సీ వెలుగులో అది 6629 దగ్గర కనబడిందనుకోండి. తేడా 66, అంటే నూటికి ఒకటి. మనకు దూరమయ్యే వస్తువు వెలుగులో తరంగదైర్ఘ్యం ఆ వేగానికి తగ్గట్టు పెరుగుతుంది. ఆ గెలాక్సీ వెలుగు వేగంలో నూరో వంతుతో, సెకనుకు సుమారు 3,000 కిలోమీటర్ల చొప్పున దూరమవుతోందన్నమాట. మెగాపార్సెక్ అంటే పది లక్షల పార్సెక్‌లు. ఒక్కో మెగాపార్సెక్ దూరానికి ఈ వేగం సెకనుకు 70 కిలోమీటర్ల చొప్పున పెరుగుతుందని తీసుకుంటే, ఆ గెలాక్సీ 43 మెగాపార్సెక్‌ల దూరంలో, అంటే 14 కోట్ల కాంతి సంవత్సరాల అవతల ఉంటుంది.

ఈ లెక్కలో యూనిట్ల మార్పిడికి సందేహం లేదు. సందేహమంతా ఆ 70 దగ్గరే. ఒక పద్ధతిలో కొలిస్తే 67 దగ్గర, మరో పద్ధతిలో 73 దగ్గర వస్తోంది. దాన్ని బట్టి పై లెక్కలోని గెలాక్సీ దూరం 13.4 కోట్ల నుంచి 14.6 కోట్ల కాంతి సంవత్సరాల మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. పైగా ప్రతి గెలాక్సీకీ పొరుగు గెలాక్సీల ఆకర్షణ వల్ల సొంత కదలిక కొంత ఉంటుంది కాబట్టి, దగ్గరి గెలాక్సీల విషయంలో ఈ లెక్కను అంతగా నమ్మలేం.